‘ప్రోబయోటిక్ సీడ్’ అంటే ఏమిటి? హేచరీ ట్యాంకులో ఆల్గే, బాక్టీరియా, రొయ్య పిల్ల

భీమవరం, కాళ్ళ, మొగల్తూరు, అల్లవరం వైపు నుంచి హేచరీకి (రొయ్య పిల్లను పుట్టించి పెంచే కేంద్రానికి) పిల్ల కొనడానికి వెళ్లే రైతుకు ఇప్పుడు తరచూ వినిపించే మాట ఇది: “మాది ప్రోబయోటిక్ సీడండీ, యాంటీబయాటిక్ ముట్టుకోలేదు, లైవ్ ఆల్గే మీద పెంచాం.” ఒక్క వాక్యంలో మూడు వేరు వేరు సంగతులున్నాయి. యాంటీబయాటిక్ వాడకపోవడం ఒకటి, మంచి బాక్టీరియా వేయడం రెండోది, బతికున్న ఆల్గే మేపడం మూడోది. ఒకటి ఉంటే మిగతా రెండూ ఉన్నట్టు కాదు. మూడూ ఉన్నా పిల్ల బాగుంటుందన్న హామీ లేదు. అలాగని ఇదంతా అమ్మకపు మాటేనని కొట్టిపారేస్తే దీని వెనకున్న గట్టి జీవశాస్త్రం మనకు అందకుండా పోతుంది.

పాత తరానికి ఈ గొడవే లేదు. హేచరీలు పెరగకముందు కోరింగ, భైరవపాలెం దగ్గరి పాయల్లో వలలతో పట్టిన టైగర్ పిల్లనే చెరువుల్లో వదిలేవారు. దాని మేత, దాని బాక్టీరియా, దాని రోగాలు అన్నీ మడ అడవి చూసుకునేది. 1994–95లో తెల్లమచ్చల వైరస్ టైగర్ సాగును కూల్చేసింది. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య జాతికి అనుమతి వచ్చాక తల్లి రొయ్యలు విదేశాల నుంచి చెన్నై క్వారంటైన్ మీదుగా హేచరీలకు వస్తున్నాయి. ఇప్పుడు పిల్ల మొదటి రెండు మూడు వారాల బతుకంతా సిమెంటు ట్యాంకులోనే. ప్రకృతి చేసిన పనిని అక్కడ మనిషి చేయాలి.

మేత మొదలయ్యే ఘడియ

ఒక తల్లి రొయ్య ఒక్కసారి లక్ష నుంచి రెండున్నర లక్షల దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చే నాప్లీకి నోరు పనిచేయదు. ఒంట్లో ఉన్న పచ్చసొనతోనే ఒకటిన్నర నుంచి రెండు రోజులు గడుపుతుంది, ఐదారు దశలు మారుతుంది. తర్వాత జోయా అవుతుంది, అప్పుడు మొదటిసారి తింటుంది. జోయాలో మూడు దశలు, మైసిస్‌లో మూడు దశలు దాటితే పోస్ట్ లార్వా, అంటే మనం పీఎల్ అని పిలిచే పిల్ల. రైతు చేతికి వచ్చేసరికి అది మామూలుగా పీఎల్ 10, 12 రోజుల వయసులో ఉంటుంది.

ప్రమాదమంతా జోయా దగ్గర ఉంది. అది వేటాడలేదు. ముందు కాళ్లతో నీటిని తన వైపు లాక్కుంటూ, అందులో తేలే రేణువులను వడకట్టి మింగుతుంది. నీటిలో ఏది ఉంటే అది పొట్టలోకి పోతుంది, మంచిదా చెడ్డదా అని ఏరుకోవడం దానికి చేతకాదు. టెక్నీషియన్ బీకరులో నీళ్లు తీసి వెలుతురుకు పట్టి చూసేది ఇందుకే. జోయా వెనక మలం సన్నని దారంలా వేలాడుతుంటే తింటున్నట్టు. దారాలు కనబడకపోతే గాబరా మొదలవుతుంది. రెండో జోయా దశలో మేత మానేసి, పేగు ఖాళీ అయి పడిపోయే ‘జోయా–2 సిండ్రోమ్’ మన దేశంలో హేచరీలకు బాగా తెలిసిన బెడద.

ఆల్గే: మేత, దాంతో పాటు ఇంకొన్ని

ఆల్గే అంటే ఇక్కడ చెరువు గట్టున పేరుకునే పాచి కాదు, సూక్ష్మదర్శినిలో మాత్రమే కనబడే, మొక్కల్లాంటి ఏకకణ జీవులు. హేచరీల్లో ఎక్కువగా పెంచేది కీటోసెరాస్, థలాసియోసిరా, స్కెలెటోనెమా అనే డయాటమ్‌లు. ఐసోక్రైసిస్, టెట్రాసెల్మిస్ కూడా వాడతారు. డయాటమ్ పెంకు సిలికాతో తయారవుతుంది కాబట్టి దాని ఎరువులో సిలికేట్ కలపాల్సిందే. కీటోసెరాస్ కణం కొన్ని మైక్రాన్ల పరిమాణంలోనే ఉంటుంది కాబట్టి జోయా నోటికి సరిపోతుంది. ఈపీఏ అనే కొవ్వు ఆమ్లం డయాటమ్‌లలో బాగా ఉంటుంది, డీహెచ్ఏ అనే ఇంకో కొవ్వు ఆమ్లం ఐసోక్రైసిస్‌లో ఎక్కువ. రెండు రకాలు కలిపి మేపడానికి ముఖ్య కారణం ఈ తేడాయే.

ఇదేమీ కొత్త విద్య కాదు. జపాన్ శాస్త్రవేత్త మోటోసాకు ఫుజినాగా 1930లలో కురుమా రొయ్యతో ట్యాంకులో గుడ్లు పెట్టించాడు. లార్వాలు మాత్రం చచ్చిపోయేవి. స్కెలెటోనెమా పెంచి మేపడం మొదలుపెట్టాకే అవి జోయా దాటాయి. 1942లో ఆయన ఆ వివరాలు ప్రచురించాడు. నేటి హేచరీ శాస్త్రం అంతా అక్కడి నుంచి నడిచి వచ్చిందే.

ఆల్గే పాత్ర మేతతో ఆగదు. పగలు ఆక్సిజన్ ఇస్తుంది. పిల్ల విసర్జించే అమ్మోనియాను పీల్చుకుంటుంది. కొన్ని రకాలు, లార్వాలకు జబ్బు తెచ్చే విబ్రియో బాక్టీరియా ఎదుగుదలను అడ్డుకునే పదార్థాలు విడుదల చేస్తాయి. టెట్రాసెల్మిస్‌లో ఈ గుణాన్ని ప్రయోగశాలల్లో గమనించారు.

అయితే ఆల్గే ఎప్పుడూ ఒంటరిగా రాదు. ప్రతి కణం చుట్టూ అది విడిచే చక్కెరలు, ఆమ్లాలు తిని బతికే బాక్టీరియా పొర ఒకటి ఉంటుంది. 1972లో ఈ పొరకు ఫైకోస్ఫియర్ అని పేరు పెట్టారు. ఈ బంధం రెండు వైపులా నడుస్తుంది. బాక్టీరియా కుళ్లబెట్టినదే ఆల్గేకు ఎరువు. పరిశీలించిన ఆల్గే జాతుల్లో సుమారు సగానికి బీ12 విటమిన్ బయటి నుంచి కావాలనీ, అది వాటికి బాక్టీరియా ద్వారా అందగలదనీ 2005లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. హేచరీ ఎరువు మిశ్రమాల్లో బీ12 కలిపేది కూడా ఆ అవసరం తీర్చడానికే. కాబట్టి బాక్టీరియా లేని ఆల్గే గాజు గొట్టంలో సాధ్యం కావచ్చు గానీ, ఎండలో ఉన్న పది టన్నుల ఆల్గే ట్యాంకులో సాధ్యం కాదు.

500 లీటర్లతో ఏమేం వస్తాయి: ఒక లెక్క

పది టన్నుల లార్వా ట్యాంకు ఒకటి తీసుకుందాం. పది వేల లీటర్లంటే కోటి మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు లక్ష ఆల్గే కణాలు నిలపాలనుకుంటే మొత్తం లక్ష కోట్ల కణాలు కావాలి. ఆల్గే ట్యాంకులో మిల్లీలీటరుకు 20 లక్షల కణాలు ఉన్నాయనుకుంటే, 500 లీటర్ల ఆల్గే నీరు పోయాలి.

ఆ ఆల్గే నీటిలో మిల్లీలీటరుకు వెయ్యి విబ్రియోలు ఉన్నాయనుకోండి. 500 లీటర్లలో 50 కోట్లు. పది టన్నుల్లో కలిస్తే మిల్లీలీటరుకు 50. చూడ్డానికి చిన్న అంకె. కానీ విబ్రియోలు చాలా వేగంగా పెరుగుతాయి, అనువైన చోట కొన్ని జాతులు అరగంటలోపే రెట్టింపవుతాయి. మనం మరీ అంత వేగం తీసుకోకుండా గంటకోసారి రెట్టింపు అనుకుందాం. 50 కాస్తా 100, 200, 400... పదకొండు రెట్టింపులకు లక్షా రెండు వేల పైచిలుకు. సాయంత్రం ఆరుకు 50 ఉన్నది తెల్లవారి ఐదుకు లక్ష దాటుతుంది.

సగం నీరు మారిస్తే? లక్ష కాస్తా 50 వేలకు తగ్గుతుంది. అంటే ఒక్క రెట్టింపు, ఒక్క గంట వెనక్కి వెళ్లాం. నీటి మార్పిడికి వేరే ప్రయోజనాలున్నాయి, అది అవసరమే. విబ్రియోను అదొక్కటే ఎందుకు ఆపలేదో ఈ లెక్క చెబుతుంది.

నిజమైన ట్యాంకులో ఎదుగుదల ఇలా గీత గీసినట్టు సాగదు, మేత అయిపోతుంది, పోటీ వస్తుంది. ఆ పోటీ అన్న మాట దగ్గరే అసలు విషయం మొదలవుతుంది.

అన్నీ చంపేస్తే సరిపోదా?

చాలాకాలం హేచరీల ఆలోచన ఇదే: క్లోరిన్, ఓజోన్, యూవీతో నీటిని శుభ్రం చేయాలి, అప్పటికీ మిగిలినదాన్ని యాంటీబయాటిక్‌తో చంపాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్‌ల నిషేధం, ఎగుమతుల తిరస్కరణ ఈ దారిని మూసేశాయి. 2016లో యూరోపియన్ యూనియన్ మన రొయ్యల సరుకు తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచడం ఆ ఒత్తిడిలో భాగమే. నిషేధం లేకపోయినా ఆ దారి ఎక్కువ దూరం పోయేది కాదు. మందు తట్టుకున్న విబ్రియో మిగులుతుంది, మందు తట్టుకోని హానిలేని జాతులు పోతాయి.

నార్వేలో చేపల లార్వాలతో పనిచేసిన శాస్త్రవేత్తలు 1990లలో దీనికి ఒక వివరణ ఇచ్చారు. నీటిలోని బాక్టీరియాను మొత్తం చంపి, వెంటనే మేత, మలం, చచ్చిన ఆల్గే చేరే ట్యాంకులో ఆ నీటిని పోస్తే, తినడానికి బోలెడు ఉంటుంది, తినేవాళ్లు ఉండరు. అందరికంటే వేగంగా పెరిగేవే ఆ ఖాళీని ఆక్రమిస్తాయి. దమ్ము చేసి నాటకుండా వదిలేసిన మడిలో ముందు కలుపే లేచినట్టు. విబ్రియోలు సరిగ్గా ఆ కోవవే. శుద్ధి చేసిన నీటిని కొన్నాళ్లు నిలవబెట్టి, నెమ్మదిగా పెరిగే నింపాది జాతులు స్థిరపడ్డాకే లార్వాలకు వాడితే మేలని వాళ్లు వాదించారు. దాన్ని ‘మాగిన నీరు’ అనుకోవచ్చు.

రొయ్యల రంగంలోనూ ఈ రెండు దారులు పాతవే. జపాన్ పద్ధతిలో పెద్ద ట్యాంకులోనే ఎరువు వేసి ఆల్గే, బాక్టీరియా, లార్వాలను కలిపి పెంచేవారు. అమెరికాలో గాల్వెస్టన్‌లో రూపొందిన పద్ధతిలో ఆల్గేను విడిగా, శుభ్రంగా పెంచి కొలత ప్రకారం పోస్తారు. మన తీరంలో నడిచే హేచరీల తీరు ఎక్కువగా రెండోదే. నాకు అనిపించేది ఏమిటంటే, ఇవాళ ప్రోబయోటిక్ పేరుతో మనం చేస్తున్నది గాల్వెస్టన్ ట్యాంకులోకి జపాన్ ట్యాంకు గుణాన్ని కొంత తిరిగి తేవడం.

మంచి బాక్టీరియా చేసేది ఏమిటి

ప్రోబయోటిక్ అంటే తగినంత సంఖ్యలో ఇచ్చినప్పుడు తీసుకున్న ప్రాణికి ఆరోగ్యపరంగా మేలు చేసే బతికున్న సూక్ష్మజీవి. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు ఇచ్చిన నిర్వచనం సారం ఇదే. ‘బతికున్న’, ‘తగినంత’, ‘మేలు’ అనే మూడు షరతుల్లో ఏది తప్పినా ఆ పేరు చెల్లదు. హేచరీల్లో ఎక్కువగా కనిపించేవి బాసిల్లస్ జాతులు: సబ్టిలిస్, లైకెనిఫార్మిస్, మెగాటీరియం, ప్యుమిలస్. లాక్టోబాసిల్లస్ కూడా వాడతారు.

ఇవి పనిచేసే మార్గాలు కొన్ని సూటిగా అర్థమవుతాయి. విబ్రియో తినాల్సిన మేతను ఇవి తినేస్తాయి, అది అతుక్కోవాల్సిన చోటును ఇవి ఆక్రమిస్తాయి, కొన్ని దాన్ని అడ్డుకునే పదార్థాలను విడుదల చేస్తాయి, ఎంజైములు వదిలి మిగిలిపోయిన మేతను కరిగిస్తాయి. ఇంకొక మార్గం మాత్రం కాస్త ఆగి చూడదగ్గది.

విబ్రియో హార్వేయి ముదిరిన ట్యాంకు రాత్రి లైట్లు ఆర్పితే పచ్చనీలి కాంతితో మెరుస్తుంది. హేచరీ వాళ్లకు ఈ మెరుపంటే హడల్. అయితే కొద్ది సంఖ్యలో ఉన్నప్పుడు ఆ బాక్టీరియా మెరవదు. ఒక్కొక్కటి చిన్న రసాయన సంకేతాలు వదులుతూ ఉంటుంది. నీటిలో ఆ సంకేతాలు ఒక స్థాయి దాటాక ‘మనం చాలినంత మంది ఉన్నాం’ అన్నట్టు అన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. జబ్బు చేసే విషాల విడుదలలోనూ ఇలాంటి సంకేతాల ప్రమేయం ఉంటుంది. దీన్ని కోరమ్ సెన్సింగ్ అంటారు. ఇలాంటి సంకేతాల్లో ఒక తరగతిని విరగ్గొట్టే ఎంజైమును 2000లో మట్టిలోని ఒక బాసిల్లస్‌లో కనుగొన్నారు. అలాంటి ఎంజైములున్న బాసిల్లస్ విబ్రియోను చంపకుండానే దాని ఉమ్మడి దాడిని చెదరగొట్టే అవకాశం ఉందన్నమాట. ప్రయోగశాలలో ఇది బాగా కనిపిస్తుంది. రోజూ నీరు మారే, మేత పడే ట్యాంకులో ఎంతవరకు జరుగుతుందో కొలవడం చాలా కష్టం.

ఆల్గేతో కలిపి ఇవ్వడంలో ఉన్న తర్కం ఇప్పుడు అర్థమవుతుంది. విడి బాక్టీరియా కణం మైక్రాను అటూఇటూ ఉంటుంది, జోయా వడపోతకు అది మరీ చిన్నది. ఆల్గే కణాలకు అంటుకుంటే మేతతో పాటు పేగులోకి చేరుతుంది, మొదట స్థిరపడే అవకాశం దానికి దొరుకుతుంది. మైసిస్ నుంచి ఆర్టీమియా (మేతగా వేసే, ఉప్పునీటి చిన్న జీవి పిల్లలు) మొదలవుతుంది కాబట్టి అప్పుడు వాహనం మారుతుంది. అక్కడో చిక్కుంది. పొదిగిన వెంటనే ఆర్టీమియా పిల్ల కూడా ఏమీ తినదు, ఒకసారి కుబుసం విడిచాకే తింటుంది. అప్పుడే పొదిగిన దాన్ని బాక్టీరియా నీటిలో ముంచితే పైన అంటుకున్నదే తప్ప లోపలికి చేరదు. పైగా పొదిగే డబ్బాయే విబ్రియోకు మంచి పుట్టిల్లు.

డబ్బా మీద అంకె, ట్యాంకులో అంకె

మన పది టన్నుల ట్యాంకుకే మళ్లీ వద్దాం. మిల్లీలీటరుకు లక్ష బాసిల్లస్ నిలపాలనుకుంటే ఇక్కడా లక్ష కోట్లే కావాలి. ప్రోబయోటిక్ డబ్బా మీద గ్రాముకు 5 బిలియన్ సీఎఫ్‌యూ (బతికి కాలనీ కట్టగల బాక్టీరియా లెక్క) అని ఉంటే, అంటే 500 కోట్లు, 200 గ్రాములు చాలు. గ్రాముకు ఒక బిలియనే ఉంటే కిలో కావాలి. డబ్బా ఎండలో నిలవుండి సగం చచ్చిపోయి ఉంటే ఈ రెండు లెక్కలూ రెట్టింపవుతాయి. మర్నాడు సగం నీరు మారిస్తే వేసినదాంట్లో సగం కాలువలో కలుస్తుంది. ‘ప్రోబయోటిక్ వేశాం’ అన్న మాట ఒకటే అయినా, ఒక ట్యాంకులో ఉన్నదానికి ఇంకో ట్యాంకులో ఉన్నదానికి పదింతల తేడా ఉండొచ్చు.

పొడిలోని బాసిల్లస్ నిద్రావస్థలో, బీజరూపంలో ఉంటుంది. అది మొలకెత్తాలి, పెరగాలి, అప్పుడే పోటీకి దిగుతుంది. అందుకే చాలాచోట్ల బెల్లం లేదా మొలాసిస్ నీటిలో వేసి, గాలి పెట్టి, కొన్ని గంటలు మేల్కొలిపి వాడతారు. ఆ నీరు శుభ్రంగా లేకపోతే బెల్లం తిని పెరిగేది బాసిల్లస్ ఒక్కటే కాదు.

ఆల్గే కోణం నుంచి ఇంకో మెలిక. కొన్ని బాక్టీరియా ఆల్గేను పెంచితే, కొన్ని చంపుతాయి. డయాటమ్‌ల ఎదుగుదలను అడ్డుకునే బాసిల్లస్ రకాలు కూడా ఉన్నాయి. కీటోసెరాస్‌తో సర్దుకునేది థలాసియోసిరాతో సర్దుకోకపోవచ్చు. బాక్టీరియా మోతాదు పెరిగేకొద్దీ అది పీల్చే ఆక్సిజన్ కూడా పెరుగుతుంది.

ఒకే పేరు, రెండు గుణాలు

1990లలో ఈక్వడార్ హేచరీలు వనామీ లార్వాలకు ప్రోబయోటిక్‌గా వాడి ఫలితం పొందిన బాక్టీరియా పేరు వింటే మన టెక్నీషియన్లు ఉలిక్కిపడతారు: విబ్రియో ఆల్గినోలిటికస్. అదే పేరున్న బాక్టీరియా ఇతర చోట్ల రొయ్యల రోగకారకంగా నమోదైంది. ఇందులో వైరుధ్యం లేదు. జాతి ఒకటే అయినా లోపలి రకాలు వేరు, వాటి జన్యువులు వేరు. విబ్రియో పారాహీమోలిటికస్‌లోనూ అంతే. ఈఎంఎస్ అని మనవాళ్లు చెప్పుకునే, వదిలిన కొద్దిరోజులకే రొయ్యను చంపే రోగాన్ని తెచ్చేది ఒక విషపు జన్యువు మోసే రకాలే, జాతి మొత్తం కాదు.

అందుకే టీసీబీఎస్ ప్లేటు (విబ్రియోలను పెంచి లెక్కపెట్టే పళ్లెం) మీద పచ్చ కాలనీలు చెడ్డవి, పసుపువి మంచివి అనే వాడుక లెక్క సగమే నిజం. రంగు తెలిపేది ఆ బాక్టీరియా సుక్రోజ్ చక్కెరను పులియబెట్టగలదా లేదా అన్న ఒక్క సంగతే. పారాహీమోలిటికస్ సాధారణంగా పచ్చగా వస్తుంది నిజమే, కానీ ఆల్గినోలిటికస్ పసుపు. డబ్బా మీద ‘బాసిల్లస్ సబ్టిలిస్’ అని ఉన్నంత మాత్రాన అది పరిశోధనలో ఫలితమిచ్చిన సబ్టిలిసే అని అనుకోలేం. యాంటీబయాటిక్ రహితం అన్న ధ్రువీకరణ ఉన్నా, అది డబ్బాలో నిషేధిత మందు లేదని చెబుతుంది, లోపలి బాక్టీరియా పనిచేస్తుందని కాదు.

ఎవరి వాదన ఎంతవరకు

ప్రోబయోటిక్ వాడే టెక్నీషియన్ల మాట తేలిగ్గా తీసుకోలేం. యాంటీబయాటిక్ లేకుండా బ్యాచ్ వెనక బ్యాచ్ తీయగలుగుతున్నామని, అడుగున బురద తగ్గిందని, పిల్ల ఒకే సైజులో వస్తోందని వాళ్లు అంటారు. రోజూ ట్యాంకు చూసే కళ్లకు కనిపించే తేడా అది. ప్రచురితమైన చాలా ప్రయోగాలూ విబ్రియో తగ్గడాన్ని, బతికే శాతం పెరగడాన్ని చూపించాయి.

అనుమానించేవాళ్ల దగ్గరా బలమైన ప్రశ్నే ఉంది: పోల్చి చూసింది దేనితో? ఊహకు నాలుగు ట్యాంకులు తీసుకుందాం. ప్రోబయోటిక్ వేసిన రెంటిలో 62, 48 శాతం పిల్ల మిగిలింది. వేయని రెంటిలో 55, 51. సగటు 55, 53. రెండు శాతం లాభమని చెప్పుకోవచ్చు. కానీ ప్రోబయోటిక్ వేసిన రెండు ట్యాంకుల మధ్యే 14 శాతం తేడా ఉంది, దాని ముందు ఆ రెండు శాతానికి అర్థం లేదు. 62 వచ్చిన ట్యాంకు ఫొటో మాత్రం చేతులు మారుతూ తిరుగుతుంది. పైగా ప్రోబయోటిక్ మొదలుపెట్టిన హేచరీ అదే సీజన్‌లో పైపులు ఆరబెట్టడం, ఆల్గే స్టాకు మార్చడం కూడా చేసి ఉంటే ఘనత ఎవరికివ్వాలి?

నా మొగ్గు ఇటు: బాక్టీరియా జట్టును మార్చి లార్వాను కాపాడవచ్చన్న సూత్రం గట్టిది, ఆ సూత్రం పేరుతో అమ్మే ప్రతి డబ్బా అంత గట్టిది కాదు. మురికి ఆల్గే స్టాకును ఏ ప్రోబయోటిక్కూ శుభ్రం చేయలేదు. మొదట్లో వేసిన లెక్కలో మిల్లీలీటరుకు వెయ్యి విబ్రియోల బదులు పది ఉంటే, ట్యాంకులోకి వచ్చేది మిల్లీలీటరుకు 50 కాదు, అర, అంటే రెండు మిల్లీలీటర్లకు ఒకటి. అంటే దాదాపు ఏడు రెట్టింపుల సమయం చేతికి దొరికినట్టు.

చెరువు దాకా ఏం వస్తుంది

గోదావరి వరద రోజుల్లో ఎర్రనీరు సముద్రంలో కలిసినప్పుడు తీరపు నీటి ఉప్పు శాతం పడిపోతుంది, బురద పెరుగుతుంది. ఉప్పు మారితే నీటిలోని బాక్టీరియా జట్టూ మారుతుంది, ఆల్గే కూడా అదను తప్పుతుంది. జనవరిలో పనిచేసిన మోతాదు ఆగస్టులో అలాగే పనిచేస్తుందని ఆశించలేం.

పిల్లకూ ఇదే మార్పు ఎదురవుతుంది. హేచరీలో 30 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో 30 పాళ్ల ఉప్పు) దగ్గర పెరిగిన పీఎల్ డెల్టాలోని ఎన్నో చెరువుల్లో 5 పీపీటీకి, అంతకన్నా తక్కువకు అలవాటు పడాలి. నీరు మారి, మేత మారి, ఆల్గే ఆగిపోయాక పేగులోని బాక్టీరియా కూడా మారిపోతుంది. వేయడం ఆపేస్తే ప్రోబయోటిక్ బాసిల్లస్ పేగులో ఎక్కువ కాలం నిలవదని చాలా పరిశీలనలు చెబుతున్నాయి. కాబట్టి ‘ప్రోబయోటిక్ సీడ్’తో చెరువుకు వచ్చేది ప్రోబయోటిక్ కాదు. జోయాలో పస్తు పడకుండా, విబ్రియో దాడి లేకుండా పెరిగిన ఒళ్లు వస్తుంది: కొవ్వు నిండిన హెపటోపాంక్రియాస్ (రొయ్యకు కాలేయం లాంటి జీర్ణ గ్రంథి), నిండు పేగు, సమానమైన సైజు. ఇవి సూక్ష్మదర్శిని కింద కనిపిస్తాయి.

తెల్లమచ్చల వైరస్, ఈహెచ్‌పీ మాత్రం వేరే కథ. ఒకటి వైరస్, ఇంకొకటి కణాల లోపల బతికే పరాన్నజీవి. నీటిలో బాసిల్లస్ ఎంత ఉన్నా అవి లేవని తేల్చేది వాటి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షే. తల్లి రొయ్య ఎస్‌పీఎఫ్ (ఫలానా రోగాలు లేవని తేల్చిన రకం) అయినా ఆ హామీ జాబితాలో ఉన్న రోగాలకే వర్తిస్తుంది, విబ్రియోకు కాదు. పీఎల్‌కు పీసీఆర్ నెగెటివ్ వచ్చినా విబ్రియో ఎక్కువగా ఉండొచ్చు, విబ్రియో తక్కువగా ఉన్నా ఈహెచ్‌పీ ఉండొచ్చు. హేచరీ పుస్తకంలో ఈ రెండు ఫలితాలూ వేరు వేరు పేజీల్లో ఉంటాయి.